మూడు యూనిట్లు

జనవరి పొగమంచులో ఫ్రెస్నో బస్సు
తడుముకుంటూ వస్తుంది.
డ్రైవరుకు నేను తెలుసు.
పొద్దున స్కూలు వంటగదిలో నాలుగొందల ట్రేలు కడిగి
మధ్యాహ్నం పుస్తకాల సంచీతో ఎక్కే మనిషిని.
ఏం చదువుతున్నావని ఓసారి అడిగాడు.
సైకాలజీ అన్నాను.
"అయితే నా మీద ఓ కన్నేసి ఉంచు" అని
నవ్వి తలుపు మూశాడు.

నలభై మూడేళ్ళకి మొదటి వరసలో కూర్చున్నాను,
చదువు మీద శ్రద్ధ కొద్దీ కాదు,
వెనక నుంచి బోర్డు ఆనదు.
పక్కన టెంగ్ వాంగ్, పంతొమ్మిదేళ్ళవాడు.
స్టాటిస్టిక్స్ రెండోసారి తప్పబోతున్న నాకు
ప్రామాణిక విచలనం అంటే ఏమిటో
వాళ్ళమ్మ సంతలో అమ్మే పచ్చిమిరపకాయల మీద చెప్పాడు:
"సగటు కారం ఇంత.
ఒక్కో కాయ ఆ సగటుకి ఎంత ఎదురు తిరుగుతుందో, అదే."
ఆ ముక్క పుస్తకంలో ఉంటే
మొదటిసారే గట్టెక్కేదాన్ని.

మనసు ఎక్కడుంటుంది? అని తొలి క్విజ్.
ఎ, బి, సి, డి.
నా భాషలో అది విరుగుతుంది, కరుగుతుంది, చివుక్కుమంటుంది,
అడక్కుండానే ఒకరి మీద పడుతుంది,
ఒక్కోసారి ఎంత పిలిచినా రాదు.
ఇంత తిరిగేదాని ఇల్లెక్కడో
మావాళ్ళెవరూ ఆరా తీయలేదు.
బి పెట్టాను. మార్కు వచ్చింది.
ఇప్పటికీ నమ్మకం లేదు.

పోయినేడు ఓ చిన్న కోర్సు తీసుకున్నాను: వినడం.
వేళాకోళం అనుకున్నాను,
చెవులున్నవాళ్ళకి ఫీజు కట్టించుకుని వినడం నేర్పుతారా అని.
ప్రొఫెసర్ ఇఫెయోమా మూడు కాలేజీల్లో చెబుతుంది,
కారు డిక్కీయే ఆవిడ ఆఫీసు.
బోర్డు మీద ఒకటే నియమం రాసింది:
పది నిమిషాలు. సలహా ఇవ్వకూడదు.

నా వంతుకి డ్వైట్ వచ్చాడు.
ముప్ఫయ్యేళ్ళు లారీ తోలిన చేతులు
పనేమీ దొరక్క బల్ల మీద
ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.
ఒక నిమిషం. రెండు.
"కాసిని మంచినీళ్ళు తాగుతారా" అనబోయి
నాలుక కరుచుకున్నాను.
అదీ సలహాయే కదా.
నాలుగో నిమిషంలో చెప్పాడు,
తొంభై తొమ్మిదో నంబరు రోడ్డు మీద, ఇలాంటి మంచులోనే,
తన ముందు ఆగిపోయి ఉన్న కారు గురించి.
దాని వెనక అద్దం దగ్గర పెట్టిన
పసుపుపచ్చ చిన్నపిల్లల టోపీ గురించి.
తక్కినది చెప్పలేదు.
నేను అడగలేదు.
అడగకపోవడం ఇంత బరువని తెలీదు.
ట్రేల దొంతర ఎత్తినప్పుడు కూడా
నడుం ఇలా పట్టెయ్యలేదు.

టైమర్ మోగింది. థాంక్యూ అని లేచాడు.
ఆ తరవాతి వారం రాలేదు, ఆ పై వారమూ.
ఇఫెయోమా మాత్రం సెమిస్టరు చివరిదాకా
హాజరులో అతని పేరు పిలిచి,
ఒక్క క్షణం ఆగి, కింది పేరుకు వెళ్ళేది.

నిన్న యూనివర్సిటీ ఉత్తరం. సీటొచ్చింది.
టెంగ్ నా కంటే ముందు అరిచాడు.
బదిలీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ
లైన్‌మన్ మా నాన్న తాడు బిగించిన ట్రంకుపెట్టె,
దారంతా ఒలికే కిరసనాయిలు డబ్బా.
ఇక్కడ బదిలీ అంటే కాగితం మీద రెండు గడులు:
చెల్లేవి, చెల్లనివి.
స్టాటిస్టిక్స్ చెల్లింది.
మనసు బి దగ్గరుంటుందన్న కోర్సూ చెల్లింది.
వినడం, మూడు యూనిట్లు, చెల్లదట.
అందుకు సమానమైనది వాళ్ళ దగ్గర లేదట.

అప్పీలు ఫారం ఇచ్చింది కౌన్సిలర్.
"ఈ కోర్సులో ఏం నేర్చుకున్నారు?"
కింద నాలుగు గీతలు, ఖాళీగా.
పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి
ఫారం సంచీలో దోపుకుని బస్సెక్కాను.

ఇవాళ డ్రైవరు నవ్వలేదు.
అతని వెనక సీట్లో కూర్చున్నాను.
మూడు స్టాపులు దాటాక
అద్దంలో నన్ను చూడకుండానే మొదలుపెట్టాడు.
నా స్టాపు వచ్చింది.
లేవలేదు.